ఎయిర్ కూలర్ శుభ్రం చేయడం ఎలా? నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది

మార్చిలో ఏదో ఒక మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. అప్పుడు బాల్కనీ మూలనున్న కూలర్ గుర్తొస్తుంది. కప్పిన దుప్పటి లాగేసి, రెండు బకెట్లు పోసి, స్విచ్చేస్తాం. పోయినేడాది నేనూ అదే చేశాను. గాలి బాగానే వచ్చింది, వెంట చేపల బజారు వాసన కూడా వచ్చింది. వెనక జాలీ ఊడదీసి చూస్తే ట్యాంకు అడుగంతా సున్నం వేసినట్టు తెల్లగా ఉంది, పంపు పక్కన ఓ బల్లి ఎండిపోయి ఉంది. అంతకుముందు జూన్‌లో మొదటి వాన పడగానే, నీళ్లు కూడా తీయకుండా దాన్ని మూలకు నెట్టేసిన ఫలితం అది.

కూలర్ నీళ్లలోంచి గదిలోకి వెళ్లేది ఆవిరి ఒక్కటే. నీళ్లలోని సున్నం, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతాయి. చారు మరిగి దగ్గరపడే కొద్దీ ఉప్పెక్కుతుంది కదా, అలాగే. మీ బోరు నీళ్లు 800 టీడీఎస్ అనుకోండి, అంటే లీటరు నీళ్లలో కరిగున్న ఉప్పు, సున్నం లాంటివి 800 మిల్లీగ్రాములు. 40 లీటర్ల ట్యాంకులో 32 గ్రాములు. రోజుకో ట్యాంకు ఆవిరైపోతూ, మీరు పైనుంచి నింపుతూ పోతే వారానికి 224 గ్రాములు చేరుతుంది. దాదాపు పావుకిలో! నీళ్లు పొదుపు చేద్దామని ఆర్‌ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లు కూలర్లో పోసేవాళ్లున్నారు. ఉద్దేశం మంచిదే కానీ, వాటిలో ఉప్పు మామూలు నీళ్లకన్నా ఎక్కువ. అవి బాత్రూమ్ కడగడానికి వాడండి. మంజీర, కృష్ణా నీళ్లొచ్చే కుళాయి ఉంటే కూలర్‌కు అవే మేలు.

వారానికోసారి: పది నిమిషాల పని

ముందు ప్లగ్గు పీకండి. స్విచ్ ఆపడంతో సరిపెట్టకండి. తడి చేతులు, ఇనుప బాడీ, సరిగ్గా లేని ఎర్తు కలిస్తే ప్రాణం పోతుంది. ఏటా ఎండాకాలం పేపర్లలో చూస్తూనే ఉంటాం. ట్యాంకులో నీళ్లు పోసేటప్పుడు కూడా ఇదే నియమం. ఇంట్లో పిల్లలుంటే మరీను.

అడుగునున్న డ్రెయిన్ మూత తీసి నీళ్లన్నీ వదిలేయండి. ఆ తర్వాత చాలామంది చేయని పని ఒకటుంది: నీటి మట్టం ఎక్కడిదాకా వచ్చిందో ఆ గీత వెంట ట్యాంకు గోడలను పీచుతో గట్టిగా రుద్దడం. డెంగ్యూను మోసే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది సరిగ్గా ఆ గీతకు కాస్త పైన, గోడకు అంటించి. దగ్గరగా చూస్తే మిరియప్పొడి రాలినట్టు నల్లటి చుక్కలు. నీళ్లు పారబోసినా అవి ఊడవు, ఎండినా నెలల తరబడి బతికుంటాయి, మళ్లీ తడి తగలగానే పిల్లలవుతాయి. గుడ్డు దోమగా ఎగరడానికి ఎండల్లో వారం, పది రోజులు చాలు. అందుకే వారం దాటనివ్వకూడదు. శుక్రవారం డ్రై డే (నిలవ నీళ్లన్నీ పారబోసి ఆరబెట్టే రోజు) అని ఇంటికొచ్చి ఆరోగ్య సిబ్బంది చెప్పేది దీని గురించే.

వాసన పోవాలని ట్యాంకులో ఫినాయిలో డెట్టాలో పోయకండి. ట్యాంకులో ఏది పడితే దాని ఘాటు రాత్రంతా మీరే పీలుస్తారు.

సీజన్‌కు రెండుసార్లు: అసలు కడుగుడు

మూడు వైపులా ఉన్న జాలీలు ఊడదీయండి. వాటిలోని ప్యాడ్లు తేనెపట్టులా గళ్లుండే హనీకోంబ్ రకమైతే తీసే ముందే ఏది పైకి, ఏది బయటికి అన్నది మార్కర్‌తో గీసుకోండి. వాటి గళ్లు ఏటవాలుగా ఉంటాయి. తిరగేసి పెడితే నీళ్లు లోపలికి చిమ్మి ఫ్యాన్ ముందున్న మంచం తడుస్తుంది. మా ఇంట్లో తడిసింది.

పెద్ద ప్లాస్టిక్ టబ్బులో 5 లీటర్ల నీళ్లకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలపండి. కిరాణా కొట్లో దొరికేదే. ప్యాడ్‌ను అందులో అరగంట నాననివ్వండి. తెల్లటి పొర మీద సన్నగా బుడగలొస్తాయి. సున్నం కరుగుతోందని అర్థం. తర్వాత లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు పోస్తే దుమ్ము వచ్చిన దారినే పోతుంది. బ్రష్షుతో రుద్దకండి, ప్రెషర్ పైపు అసలే వద్దు, అది మందపాటి కాగితమే కదా.

గడ్డి ప్యాడ్లకు ఇంత సేవ అక్కర్లేదు, ఏడాదికోసారి మార్పించేయండి. కొత్తవి పెట్టేటప్పుడు గడ్డిని చేత్తో విప్పి సమంగా పరవండి. జారి అడుగున ముద్దయితే పై ఖాళీల్లోంచి వేడిగాలి నేరుగా లోపలికొస్తుంది. చల్లదనం తగ్గిందని మోటారును తిట్టుకుంటాం.

ట్యాంకు ప్లాస్టిక్‌దైతే అదే నిమ్మ ఉప్పు నీళ్లతో తోమేయొచ్చు. ఇనుప ట్యాంకులో మాత్రం పులుపు నిలవ ఉంచకూడదు, జింకు పూత పోయి తుప్పు మొదలవుతుంది. సబ్బు నీళ్లు, పీచు, ఓపిక చాలు. బాత్రూమ్ యాసిడ్ జోలికి వెళ్లకండి. బ్లీచింగ్ పౌడర్ వాడితే దాన్ని పూర్తిగా కడిగేశాకే నిమ్మ ఉప్పు తీయండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరి ఆడదు.

పంపు అడుగు మూత తీస్తే చిన్న ప్లాస్టిక్ చక్రం కనిపిస్తుంది. దాని చుట్టూ గడ్డి పోచలు, వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి, లాగేయండి. పైన ప్యాడ్ల మీదకు నీళ్లు వదిలే గొట్టానికి వరసగా చిల్లులుంటాయి. ఒక్కోదాన్లో పిన్నీసు దూర్చి తిప్పండి. నాలుగు చిల్లులు మూసుకుపోతే ప్యాడ్‌లో అంత మేర ఎండుగానే ఉంటుంది, ఎంతసేపు తిరిగినా గాలి చల్లబడదు.

ఫ్యాన్ మూలుగుతూ తిరగకపోతే, లేదా చేత్తో తోస్తేగానీ కదలకపోతే చాలాసార్లు మోటారుకు ఊతమిచ్చే కండెన్సర్ (కెపాసిటర్) పోయి ఉంటుంది. చవక వస్తువే, కానీ ఎలక్ట్రీషియన్‌తోనే వేయించండి. ప్లగ్గు పీకినా దానిలో కరెంటు కొంతసేపు నిలవుంటుంది.

వానలు పడ్డాక

నీళ్లు తీసేసి, పంపు ఆపి, ఫ్యాన్ ఒక్కటే రెండు మూడు గంటలు తిప్పండి. ప్యాడ్ వేళ్లతో నొక్కితే చెమ్మ తగలకూడదు. పంపు విప్పి, తుడిచి, న్యూస్‌పేపర్లో చుట్టి, పొడి ట్యాంకులోనే పెట్టండి. మార్చిలో ఇల్లంతా వెతుక్కునే పని ఉండదు. డ్రెయిన్ మూత మాత్రం తెరిచే ఉంచండి. బాల్కనీలో జల్లు కొట్టి ట్యాంకులోకి నీళ్లు చేరినా నిలవవు. పైన పాత బెడ్‌షీట్ కప్పండి, ప్లాస్టిక్ పట్టా వద్దు, లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. కప్పే ముందు జాలీ సందుల్లో బల్లి ఉందేమో ఒక్కసారి చూడండి.