కారు కింద నూనె మరక: చుక్క కింద పడినా లీకు పైనే ఉంటుంది

స్పోర్ట్స్ కారు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. చాలా కార్లకు ఇంజన్ కింద ప్లాస్టిక్ షీటు బిగించి ఉంటుంది. ఎక్కడ కారినా నూనె ఆ షీటు మీద పారి, ఏదో ఒక సందులోంచి చుక్కగా దిగుతుంది. చుక్క చాంబర్ (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) కింద కనబడిందని పాలకొల్లులో మా ఇంటి దగ్గర చాంబర్ ప్యాకింగ్ (అతుకులో నూనె కారకుండా ఆపే పట్టీ) మార్చాను. ఒక ఆదివారమంతా పోయింది, లీకు ఆగలేదు. నూనె పైనుంచి, టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) దగ్గర కారుతోంది.

ముందుగా రాత్రి కారు కింద అట్ట పరవండి. జిడ్డుగా, గోధుమ రంగులోనో నల్లగానో ఉంటే ఇంజన్ ఆయిల్. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే కూలెంట్ కావచ్చు. వట్టి నీళ్లయితే ఏసీ నుంచి వచ్చేవి. మన ఉక్కపోతకు అవి ధారగానే కారతాయి.

కారును సిమెంటు నేల మీదే ఎత్తండి. మన ఒండ్రు మట్టిలో జాకీ దిగబడుతుంది. స్టాండ్లు పెట్టకుండా, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరవద్దు.

లీకు ఎక్కడో తెలియడం లేదు

ఇంజన్ పూర్తిగా చల్లారాక క్లీనర్‌తో జిడ్డంతా తుడిచి ఆరనివ్వండి. అనుమానమున్న అతుకుల మీద టాల్కం పౌడరు పలచగా చల్లి పది కిలోమీటర్లు తిప్పండి. తెల్లటి పొడి మీద నూనె ఊరిన చోట సన్నటి గోధుమ రంగు గీత కనిపిస్తుంది. అన్నిటికంటే పైన ఉన్న తడే అసలు లీకు.

బండి ఆపగానే కాలిన వాసన

టాపెట్ కవర్ ప్యాకింగ్ గట్టిపడి, నూనె వేడి సైలెన్సర్ గొట్టం మీద పడుతోంది. నేను విప్పిన పాత ప్యాకింగ్ వంచగానే ఎండు కొబ్బరి ఈనెలా పుటుక్కున విరిగింది. ప్యాకింగ్ కూర్చునే గాడిని ప్లాస్టిక్ ముక్కతో గీకండి, ఇనుముతో గీకితే అల్యూమినియం గీతలు పడుతుంది. సీలెంట్ పేస్టు మాన్యువల్ చెప్పిన మూలల్లోనే పెట్టాలి. బోల్టులను మధ్యనుంచి అంచులకు, రెండు విడతలుగా బిగించండి. చాలా ఇంజన్లకు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు చాలు. మీ కారు అంకె మాన్యువల్‌లో చూడండి.

కొత్త ప్యాకింగ్ వేసినా మళ్లీ చెమ్మ

పీసీవీ వాల్వు (ఇంజన్ లోపల చేరే గాలిని బయటికి పంపే చిన్న కవాటం) పూడిపోయి ఉండవచ్చు. లోపలి గాలికి దారి లేక సీళ్లలోంచి నూనెను తోస్తుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేస్తే గాలి బుస్సుమని తన్నుతుంటే అనుమానం బలపడినట్టే. ప్యాకింగ్ కొనేముందే దీన్ని చూడమంటాను.

ఆయిల్ మార్చిన మర్నాడే లీకు

పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుపోయి, కొత్తది దాని మీద కూర్చుని ఉంటుంది. పాతది తీసి, కొత్త రింగుకు నూనె రాసి, రింగు తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పండి. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయండి.

తీసిన నూనెను కాలువలోనో బోదెలోనో పారబోయవద్దు. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ నీళ్లే మనం తాగేవి, చేపల చెరువుల్లోకి పెట్టేవి. నూనె పొర కమ్మితే చెరువు నీటికి గాలి అందదు. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించేవారికి అప్పగించండి.

ఇంజన్, గేర్‌బాక్సు కలిసే చోట తడి

పైవన్నీ పొడిగా ఉంటే అది వెనక క్రాంక్ సీలు (ఇంజన్ ప్రధాన ఇరుసు వెనక చివర నూనెను ఆపే రింగు) కావచ్చు. గేర్‌బాక్సు దింపాలి కాబట్టి ఇది వర్క్‌షాపు పని. అక్కడికి వెళ్లేలోపు రోజూ డిప్‌స్టిక్ (నూనె మట్టం చూపే పుల్ల) చూడండి. ఎర్ర ఆయిల్ దీపం వెలిగితే మాత్రం ఉన్నచోటే ఇంజన్ ఆపి, లాగించుకుని వెళ్లండి.