ఎన్నికల కోడ్ వచ్చినా, సర్పంచ్ లేకపోయినా ఇంటి పనులు ఆగకుండా ఎట్లా చూసుకోవాలి

మాది మునుగోడు వైపు. 2018 డిసెంబర్‌లో ఎమ్మెల్యేకి ఓటేశాం, ఆయన రాజీనామా చేస్తే 2022 నవంబర్ 3న మళ్లీ వేశాం, ఏడాది తిరిగేసరికి 2023 నవంబర్ 30న ఇంకోసారి. ఐదేళ్లలో మూడుసార్లు. ప్రతిసారీ కోడ్, ప్రతిసారీ ఏ ఆఫీసుకు పోయినా "ఎలక్షన్లు అయినంక రా" అనే మాట. నాయకులు ఎటు పోయినా మన నారుమడి ఆగదు, పిల్లల ఫీజు ఆగదు కదా. అందుకే మా ఇంట్లో దెబ్బ తిని నేర్చుకున్నవి రాస్తున్నా.

ముందుగా, ప్రకటించిన డబ్బు ఖాతాలో పడేదాకా దాన్ని లెక్కలో వేసుకోకండి. 2023 యాసంగికి రైతుబంధు, అంటే అప్పట్లో సర్కారు ఇచ్చిన పంట పెట్టుబడి సాయం, వేయడానికి ఎన్నికల సంఘం మొదట సరే అంది, తీరా పోలింగ్‌కు మూడు రోజుల ముందు, నవంబర్ 27న ఆ అనుమతి వెనక్కి తీసుకుంది. దాన్నే నమ్ముకున్న వాళ్లు ఎరువుల షాపులో ఉద్దెర పెట్టారు. ఉద్దెర రేటు వేరు, దాని మీద మిత్తి వేరు. దున్నకానికి, నాటుకు కావాల్సినంతైనా ముందు పంట డబ్బులోంచి పక్కన పెట్టుకోండి. అట్లాగే మాఫీ వస్తుందని పంట రుణం రెన్యువల్ ఆపకండి. 3 లక్షల లోపు రుణం గడువులో కడితే 4 శాతం వడ్డీతో పోతుంది, ఆపితే పెరుగుతూనే ఉంటుంది. 2024లో 2 లక్షల దాకా మాఫీ అన్నప్పుడు, వడ్డీతో కలిపి 2 లక్షలు దాటినవాళ్లను పైమొత్తం ముందు కట్టి రమ్మన్నారు.

ఇక నగదు సంగతి. కోడ్ ఉన్నప్పుడు 50 వేలకు మించి చేతిలో ఉంటే ఆధారం చూపించాలి. 2023లో మా చిన్నాయన పత్తి అమ్మి లక్షా పది వేలు సంచిలో పెట్టుకుని బండి మీద వస్తుంటే చెక్‌పోస్టులో ఆపారు. ఆయన దగ్గర ఉన్నది వ్యాపారి రాసిచ్చిన తెల్ల చిట్టీ ఒక్కటే, దాని మీద క్వింటాళ్లు, మొత్తం తప్ప పేరు లేదు, తేదీ లేదు, సంతకం కూడా లేదు. డబ్బు పట్టుకుపోయారు. ఇంటి దగ్గర పత్తి ఏరిన ఆడవాళ్లు కూలి కోసం సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నారు, చిన్నమ్మ వాళ్ల ముఖం చూడలేక లోపలికి పోయింది. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

అందుకే సరుకు అమ్మితే తక్‌పట్టీ, అంటే తూకం, ధర రాసిన అమ్మకం రసీదు, అడిగి తీసుకోండి, బ్యాంకులో తీసిన డబ్బైతే పాస్‌బుక్‌లో ఎంట్రీ వేయించుకోండి, పెళ్లి ఖర్చుకైతే శుభలేఖ, బంగారం షాపు బిల్లు దగ్గర ఉంచుకోండి. అయినా పట్టుకుంటే గొడవ పడకండి, ఎంత తీసుకున్నారో రాసి ఉన్న రసీదు తీసుకోకుండా మాత్రం అక్కడినుంచి కదలకండి. జిల్లాలో ముగ్గురు అధికారుల గ్రీవెన్స్ కమిటీ ఉంటుంది, కేసు లేకుండా, ఏ అభ్యర్థితోనూ, పార్టీతోనూ సంబంధం లేదని తేలితే డబ్బు తిరిగి ఇప్పిస్తుంది. చిన్నాయనకు తొమ్మిది రోజులు పట్టింది, అదీ వ్యాపారి దగ్గరికి మళ్లీ పోయి సరైన కాగితం తెచ్చుకున్నాక.

కోడ్‌తో ఏవి ఆగుతాయో, ఏవి ఆగవో తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది. కొత్త పథకాలు, కొత్త లబ్ధిదారుల ఎంపిక, శంకుస్థాపనలు ఆగుతాయి. ఇప్పటికే వస్తున్న పింఛన్, రేషన్ ఆగవు, ముందే మొదలుపెట్టిన పనులూ ఆగవు. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు కోడ్‌తో పని లేదు, మీసేవలో పెట్టి రసీదు తీసుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణి మాత్రం సాధారణంగా ఆపేస్తారు, అప్పుడు అర్జీని స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు తీసుకోండి. "కోడ్ ఉంది" అని ఊరికే తిప్పి పంపితే, ఆ ముక్క అర్జీ మీదే రాసి సంతకం పెట్టమని మర్యాదగా అడగండి. రాసివ్వాలంటే చాలామంది పని చేసి పెడతారు.

సర్పంచ్ లేని కాలం ఇంకో తీరు కష్టం. సర్పంచుల గడువు అయిపోయాక, 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికల దాకా మన ఊళ్లు ప్రత్యేకాధికారుల చేతిలోనే ఉన్నాయి. ఒక్కో అధికారికి సొంత డ్యూటీ కాక పైన ఊళ్ల బాధ్యత, ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్రం గ్రాంట్లు రాక ట్రాక్టర్ డీజిల్‌కు కూడా పంచాయతీలో పైసలు లేని రోజులు. మళ్లీ అట్లాంటి కాలం వస్తే బోరు మోటారు కాలినప్పుడు ఒక్కరే పోకండి, వాడకట్టు వాళ్లందరితో సంతకాలు చేయించి పంచాయతీ కార్యదర్శికి ఒక కాపీ, ఎంపీడీవోకు ఒక కాపీ ఇవ్వండి, మూడోదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని మీ దగ్గరే దాచుకోండి.

బంద్‌ల సంగతి ఒక్క మాట. 2011లో సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది, చాలా రోజులు బస్సుల్లేవు. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు పదిహేను రోజుల మందులు ఎప్పుడూ ముందే తెచ్చి ఉంచండి, డయాలసిస్‌కు పోయేవాళ్లుంటే మీ ఊళ్లోనే ఒక ఆటో ఆయనతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.