పిల్లల తల ఇంట్లోనే కొలిచే తీరు

ఏటా మా బడి పిల్లలను కృష్ణ ఒడ్డున ఉన్న ముడుమాలలోని వేల ఏళ్ళ నాటి నిలువురాళ్ళ దగ్గరికి తీసుకెళ్తాను. పది అడుగులు దాటిన ఆ రాళ్ళను చూసి ప్రతి బ్యాచూ అడిగేది ఒకటే: "సార్, ఇవి నిలవెట్టినోళ్ళ తలకాయలు గుమ్ములంత ఉండెనా?" లేదు, వాళ్ళవీ మనలాంటి తలలే. నోటితో చెప్తే నమ్మరు, అందుకే కొలిపిస్తాను.

పరీక్ష ప్యాడ్లు రెండు, టేపు చాలు. జడ విప్పించండి. వీపు, తల వెనక భాగం గోడకు ఆని, చూపు తిన్నగా ఉండాలి. కనుబొమల నడుమ ఎముకకు ప్యాడ్ ఆనించి గోడకు సమాంతరంగా పట్టండి. గోడ నుంచి ప్యాడ్ దాకా పొడవు. చెవుల పైన రెండు పక్కలా ప్యాడ్లు అదిమి పట్టి, నడుమ ఎడం కొలిస్తే వెడల్పు. మూడుసార్లు కొలవండి, ప్యాడ్ కాస్త వంగినా అర సెంటీమీటరు తేడా వస్తుంది.

వెడల్పును పొడవుతో భాగించి 100తో గుణించండి. స్వీడన్ శాస్త్రవేత్త రెట్జియస్ 1840లలో పెట్టిన లెక్క ఇది. 75 లోపు పొడవు తల, 80 దాటితే గుండ్రటి తల. మా ఏడో తరగతి పాపకు వెడల్పు 13.9, పొడవు 18.2 సెంటీమీటర్లు వచ్చాయి, అంటే 76.4, రెండింటికీ నడుమ.

ఈ అంకెతో తెలివినీ కులాన్నీ తూచనియ్యకండి. బ్రిటిష్ అధికారి రిస్లీ ముక్కులు కొలిచి కులాలకు మెట్లు కట్టాడు. ఆ పని ఎంత తప్పో పిల్లలకు తప్పక చెప్తాను. అమెరికాకు వలస వచ్చినవాళ్ళ పిల్లల తల ఆకారం తల్లిదండ్రుల తలలకు భిన్నంగా ఉందని మానవ శాస్త్రవేత్త బోయాస్ 1912లో చూపించాడు.

ఇంకా చాలా వెనక్కి వెళ్తే మాత్రం తేడా కనిపిస్తుంది. మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో దొరికిన 3 లక్షల ఏళ్ళ నాటి పుర్రెల్లో ముఖం దాదాపు మనదే. తల మాత్రం వెనక్కి సాగి, ఎత్తు తక్కువగా ఉంటుంది. గుండ్రదనం తర్వాత వచ్చింది. వ్యవసాయం మొదలయ్యాక, తిండి మెత్తబడేకొద్దీ చిన్నదైంది దవడ.

అద్దం ముందు పళ్ళు మూసి చూడండి. మనలో చాలామందికి పై పళ్ళు కింది పళ్ళను కొంత కప్పుతాయి. వేటాడి బతికిన పాతకాలపు మనుషుల్లో వయసొచ్చినవాళ్ళ పుర్రెల్లో చాలావరకు పళ్ళు అరిగి, అంచుకు అంచు తగులుతాయి. మా నాయనమ్మ జొన్న రొట్టె, మక్క గుడాలు తిని పెరిగింది, ఆమె జ్ఞానదంతాలు నాలుగూ చక్కగా మొలిచాయి. నాకు చోటు చాలక రెండు పీకించాల్సి వచ్చింది. ఒక్క ఇంటి సంగతితో తేలేది కాదు గానీ, ఎదిగే వయసులో నమలడం తగ్గితే దవడ ఎముక తక్కువగా పెరుగుతుంది.

చివరగా ఒక్కో ముద్దకు ఎన్నిసార్లు నమిలారో పిల్లలతోనే లెక్క పెట్టించండి. మా దగ్గర అన్నానికి తొమ్మిది, కటుక్కుమనే జొన్న రొట్టెకు ముప్పై ఒకటి వచ్చింది.