కారు అద్దాల మీద చారలు పడకుండా

బీచ్ రోడ్ వైపు కారు పెడితే తెలుసు కదా, ఉప్పు గాలికి రెండ్రోజుల్లోనే అద్దాలు మసకబారిపోతాయి, గుడ్డతో తుడిస్తే ఇంకా చారలు చారలుగా అయిపోయి రాత్రి ఎదురు బండి లైట్ పడితే రోడ్డే కనపడదు.

నేనిప్పుడు చేసేది ఇది. ముందు మామూలు నీళ్ళు పోసి ఉప్పు, ఇసక కడిగేయాలి, ఇది మాత్రం మానొద్దు, పొడిగా రుద్దితే ఇసకకి అద్దం మీద గీతలు పడిపోతాయి. తర్వాత స్ప్రే బాటిల్‌లో అర లీటరు ఫిల్టర్ నీళ్ళు, 50 ఎంఎల్ వైట్ వెనిగర్. బోరు నీళ్ళు వద్దు, ఆరాక తెల్ల మచ్చలొస్తాయి. స్ప్రే గుడ్డ మీదే కొట్టి తుడిచి, వెంటనే ఇంకో పొడి మైక్రోఫైబర్ గుడ్డతో ఆరబెట్టేయాలి, ఒకటే గుడ్డ వాడితే మళ్ళీ చారలే. లోపల అడ్డంగా, బయట నిలువుగా తుడవండి, చార మిగిలితే ఏ వైపుదో ఇట్టే తెలిసిపోద్ది.

ఎండలో కారు కాలిపోతున్నప్పుడు మాత్రం చెయ్యకండి, తుడిచేలోపే ఆరిపోయి చారలు అలాగే ఉండిపోతాయి. పొద్దున్న ఏడులోపు గానీ సాయంత్రం నీడలో గానీ చేస్కోండి.