కృషి విజ్ఞాన కేంద్రాల ఉచిత శిక్షణలకు దరఖాస్తు చేసుకునే విధానం

పెరటి తోటలు, వ్యవసాయం, చిరుధాన్యాల వంటకాలు, పుట్టగొడుగుల పెంపకం వంటి అంశాలపై కృషి విజ్ఞాన కేంద్రంలో శిక్షణ పొందాలనుకునేవారు ముందుగా అడిగేది దరఖాస్తు ఫారం ఎక్కడ దొరుకుతుందని. అన్ని జిల్లాలకూ వర్తించే ఒకే ఫారం గానీ, ఒకే చివరి తేదీ గానీ ఈ శిక్షణలకు లేవు. చాలా సందర్భాల్లో తెల్లకాగితం మీద రాసిన అర్జీయే సరిపోతుంది. అయితే ఆ అర్జీలో ఏం రాశారు, ఎప్పుడు ఇచ్చారు, ఎంతమంది కలిసి ఇచ్చారు అనే వాటిని బట్టే శిక్షణ దొరకడమైనా, దొరికిన శిక్షణ మీ పొలానికో పెరటికో పనికిరావడమైనా ఉంటుంది. అందుకే ఈ వివరణలో ఎక్కువ భాగం ఆ అర్జీ గురించే.

భారత వ్యవసాయ పరిశోధన మండలి పరిధిలో నడిచే ఈ కేంద్రాల్లో మొదటిది 1974లో పుదుచ్చేరిలో, తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఏర్పడింది. ఇప్పుడు దేశవ్యాప్తంగా ఏడు వందలకు పైగా ఉన్నాయి. మన రెండు రాష్ట్రాల్లో వీటిని నడిపే సంస్థలు ఒకే రకానివి కావు. గరికపాడు, ఉండి, బనవాసి కేంద్రాలు ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానివి. వెంకటరామన్నగూడెం, పందిరిమామిడి కేంద్రాలు డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయానివి. పాలెం, రుద్రూరు, వైరా కేంద్రాలు ప్రొఫెసర్ జయశంకర్ విశ్వవిద్యాలయం కింద ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర డిడ్గిలో ఉన్న కేంద్రాన్ని మాత్రం స్వచ్ఛంద సంస్థ అయిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నడుపుతోంది. జొన్న, కొర్ర, సామ వంటి పంటల గురించి, విత్తనాన్ని మహిళలే దాచుకుని కాపాడుకునే పద్ధతి గురించి తెలుసుకోవాలనుకునేవారు ఆ కేంద్రాన్ని గుర్తుపెట్టుకోవడం మంచిది. నడిపేది ఎవరైనా అర్జీ ఇచ్చే పద్ధతిలో పెద్ద తేడా ఉండదు.

మీది ఏ కేంద్రం?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. తెలంగాణలో 2016 తర్వాత 10 జిల్లాలు 33కు పెరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలను 26 చేశారు. కేంద్రాలు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. అందువల్ల మీ జిల్లా పేరుతో కేంద్రం కనిపించకపోయినా మీ మండలం ఏదో ఒక పాత కేంద్రం పరిధిలోనే ఉంటుంది. కృషి విజ్ఞాన కేంద్రాల (కేవీకే) పోర్టల్‌లో రాష్ట్రాన్ని, జిల్లాను ఎంచుకుని చూడవచ్చు. లేదా 1800-180-1551 నంబరుకు, అంటే కిసాన్ కాల్ సెంటర్‌కు, ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల లోపు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. ఈ కాల్‌కు డబ్బు పడదు. ఊళ్లోనే తెలుసుకోవాలంటే ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుణ్ణి, తెలంగాణలో రైతు వేదికకు వచ్చే వ్యవసాయ విస్తరణాధికారిని అడిగితే మీ మండలం ఏ కేంద్రం కిందికి వస్తుందో చెబుతారు.

అర్హుల విషయంలో అనవసరమైన భయం అక్కర్లేదు. పట్టాదారు పాసుపుస్తకం లేనివారికి శిక్షణ ఇవ్వరన్న మాట నిజం కాదు. కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంటి వెనుక రెండు సెంట్ల పెరడు మాత్రమే ఉన్న గృహిణులు, చదువు మధ్యలో ఆపేసిన యువత, అంగన్‌వాడీ కార్యకర్తలు అందరూ దరఖాస్తు చేసుకోవచ్చు. షెడ్యూల్డ్ కులాలు, తెగల ఉపప్రణాళిక నిధులతో జరిగే శిక్షణల్లో విత్తనాలు, చిన్న పనిముట్లు వంటివి కూడా ఇచ్చే అవకాశం ఉంది కాబట్టి, ఆ వర్గాలకు చెందినవారు కుల ధ్రువపత్రం నకలును అర్జీకి తప్పనిసరిగా జతచేయాలి.

అర్జీ ఎలా రాయాలి?

‘ఏయే కోర్సులు ఉన్నాయో తెలుపగలరు’ అని రాసిన అర్జీకి జవాబు రావడం కష్టం. ఎందుకంటే ఈ కేంద్రాల్లో శిక్షణాంశాలు బడిలో పాఠ్యప్రణాళికలా ముందే స్థిరపడి ఉండవు. జిల్లాలో రైతులకు ఎదురవుతున్న సమస్యలను బట్టి ఏటా కార్యాచరణ ప్రణాళిక తయారవుతుంది, దానిని రైతు ప్రతినిధులు కూడా కూర్చునే శాస్త్రీయ సలహా మండలి సమావేశంలో పరిశీలిస్తారు. అంటే మీ సమస్యే వారికి పాఠ్యాంశం. కాబట్టి సమస్యను సూటిగా, కొలతలతో రాయాలి. ఒక నమూనా చూడండి:

‘కృషి విజ్ఞాన కేంద్రం అధిపతి గారికి నమస్కరించి రాయునది. మేము ఫలానా మండలం ఫలానా గ్రామంలోని మహిళా సంఘాల సభ్యులం, 24 మందిమి. మాలో 19 మందికి ఇంటి వెనుక రెండు మూడు సెంట్ల స్థలం ఉంది. నీరు రెండు రోజులకు ఒకసారి వస్తుంది. రెండేళ్లుగా వంగ, బెండ వేస్తున్నాం గానీ వంగలో మొవ్వు, కాయ తొలిచే పురుగు వల్ల, బెండలో పల్లాకు తెగులు వల్ల సగం కాపు కూడా దక్కడం లేదు. మందులు కొట్టకుండా ఇంటికి సరిపడా కూరగాయలు పండించుకోవడంపైన, విత్తనం కట్టుకోవడంపైన మా గ్రామంలోనే రెండు రోజుల శిక్షణ ఇప్పించవలసిందిగా కోరుతున్నాము. వరి నాట్లు ముగిసే ఆగస్టు చివరి వారం మాకు అనువుగా ఉంటుంది. గ్రామ సమాఖ్య భవనంతో పాటు దాని పక్కనే ఉన్న ఒక సభ్యురాలి పెరడును శిక్షణకు ఇవ్వగలము. ఇట్లు, మీ విధేయులు.’

ఈ అర్జీ చదివిన అధికారికి ఎవరిని పంపాలో వెంటనే తెలుస్తుంది. కేంద్రానికి మంజూరైన పోస్టుల్లో ఆరుగురు విషయ నిపుణులు ఉంటారు. సాధారణంగా వీరు సస్య విజ్ఞానం, ఉద్యానం, సస్యరక్షణ, పశుపోషణ, గృహవిజ్ఞానం, విస్తరణ విభాగాలకు చెందినవారు. పల్లాకు తెగులు అని పేరు పెట్టి రాశారు కాబట్టి, అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ వల్ల వస్తుందని తెలిసిన సస్యరక్షణ నిపుణులు జిగురు అట్టలతో, తెగులును తట్టుకునే రకం విత్తనంతో వస్తారు. ‘కూరగాయలపై శిక్షణ’ అని మాత్రమే రాసి ఉంటే, మీ ఊరికి అక్కరలేని విషయాలతో పూట గడిచిపోయేది. నీటి సంగతి, తేదీ, స్థలం రాయడం కూడా ఇందుకే. శిక్షణ ఏర్పాటులో శాస్త్రవేత్తలకు ఎక్కువ సమయం పట్టేది వీటిని తేల్చుకోవడానికే.

ఒక్కరే రాసే అర్జీ కంటే ఇరవై, పాతిక మంది కలిసి ఇచ్చే అర్జీకి బలం ఎక్కువ. ఒక్కరు అడిగితే కేంద్రంలో జరగబోయే శిక్షణ కోసం పేరు నమోదు చేసుకుంటారు. బృందం అడిగితే శాస్త్రవేత్తలే ఊరికి వచ్చే వీలుంటుంది. మహిళా సంఘాల వారు గ్రామ సమాఖ్య సమావేశంలో తీర్మానం చేసి, తీర్మానాల పుస్తకంలోని ఆ పుట నకలును జతచేస్తే మరీ మంచిది. అందరి పేర్లు, వయసు, ఫోను నంబర్లు, సంతకాలు లేదా వేలిముద్రలతో విడిగా ఒక జాబితా ఇవ్వాలి. ఆధార్ నకళ్లు, ఒక్కొక్కరి ఫొటో, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పుట నకలు కొన్ని శిక్షణలకే అడుగుతారు. అడిగినప్పుడు పరుగెత్తకుండా సిద్ధంగా పెట్టుకుంటే చాలు.

అర్జీని స్వయంగా తీసుకెళ్లి ఇవ్వడమే మేలు. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదానిపై అందినట్లు ముద్ర, తేదీ వేయించుకోండి. వెళ్లేటప్పుడు మట్టి నమూనాను కూడా వెంట తీసుకెళ్లాలని నా సలహా. పొలంలో ఎనిమిది, పది చోట్ల పైనున్న చెత్త తీసేసి, ‘వి’ ఆకారంలో జానెడు లోతు గుంట తవ్వి, గుంట పక్క గోడ నుంచి పై నుంచి కింది దాకా ఒకే మందంలో మట్టిని చెక్కి తీయాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్పలు పోసిన చోట తీయకూడదు. తీసిన మట్టినంతా గోనెపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగిలే దాకా తగ్గించి, నీడలో ఆరబెట్టి గుడ్డ సంచిలో కట్టాలి. ఆ సంచి మీ చేతిలో ఉంటే కేంద్రంలో జరిగే సంభాషణ మీ పొలం చుట్టూనే తిరుగుతుంది. పరీక్షకు రుసుము ఉందేమో మాత్రం అక్కడ అడిగి తెలుసుకోవాలి.

ఎప్పుడు ఇవ్వాలి?

ఖరీఫ్ పంటల గురించి జూలైలో అడిగితే ఆలస్యమైనట్లే. విత్తనశుద్ధి, నారుమడి వంటి అంశాలకు మే నెలలోపు, రబీ అంశాలకు సెప్టెంబరు లోపు అర్జీ కేంద్రంలో ఉండాలి. పుట్టగొడుగుల్లో మనవారు ఎక్కువగా పెంచే ముత్యపు చిప్ప రకానికి 20 నుంచి 30 డిగ్రీల ఉష్ణోగ్రత, గాలిలో మంచి తేమ కావాలి. కాబట్టి ఆ శిక్షణ చలికాలానికి ముందే పూర్తవాలి. వేసవి మొదట్లో శిక్షణ తీసుకుని, తీరా ఇంట్లో గడ్డి నింపిన సంచులు కట్టేసరికి ఎండలకు బీజం, అంటే పుట్టగొడుగుల విత్తనం, చచ్చిపోయి, ఈ పనే మనకు కాదని వదిలేసినవారిని నేను చూశాను. తప్పు వారి నైపుణ్యంలో లేదు, నెలలో ఉంది.

ఎంపికయ్యాక

తేదీ ఖరారయ్యాక సాధారణంగా ఫోను ద్వారానే తెలియజేస్తారు. అందుకే అర్జీలో పనిచేసే నంబరు ఇవ్వాలి, రెండో నంబరుగా ఇంట్లో మరొకరిది రాయాలి. ఉచితం అంటే బోధన, ప్రయోగాలకు వాడే సామగ్రి వరకు అని అర్థం చేసుకోవాలి. మధ్యాహ్న భోజనం, ప్రయాణ ఖర్చులు ఆ శిక్షణకు నిధులు ఏ పథకం నుంచి వస్తున్నాయన్న దానిపై ఆధారపడతాయి కనుక ముందే అడగండి. రుసుముతో నిర్వహించే ప్రత్యేక శిక్షణలు కొన్ని కేంద్రాల్లో ఉన్నాయి. విశ్వవిద్యాలయాల దూరవిద్యా విభాగాలు ఇచ్చే సర్టిఫికెట్ కోర్సులకూ రుసుము ఉంటుంది. అటువంటప్పుడు ప్రకటనలో ఆ సంగతి ఉంటుంది, కట్టిన సొమ్ముకు రసీదు ఇస్తారు. మధ్యవర్తి ఎవరైనా సీటు ఇప్పిస్తానని డబ్బు అడిగితే ఇవ్వవద్దు.

శిక్షణకు అన్ని పూటలూ హాజరు కావాలి. ఇది నిబంధన కోసం చెబుతున్న మాట కాదు. పుట్టగొడుగుల శిక్షణలో వరిగడ్డిని అంగుళంన్నర ముక్కలుగా కోసి, నానబెట్టి, వేడినీటిలో ఉడికించి, ఆరబెడతారు. బీజం చల్లడానికి ముందు గడ్డిలో ఎంత తడి ఉండాలన్నది ఏ పుస్తకం చదివినా చేతికి తెలియదు. పిడికెడు గడ్డి తీసుకుని గట్టిగా పిండితే చుక్క కూడా కారకూడదు, పిడికిలి విప్పితే మాత్రం అరచేయి చెమ్మగా ఉండాలి. చుక్కలు కారితే సంచి కుళ్లుతుంది, చేయి పొడిగా ఉంటే బీజం పాకదు. శాస్త్రవేత్త మీ చేతిలోని గడ్డిని ముట్టుకుని చూసి ‘ఇంకో అరగంట ఆరనివ్వండమ్మా’ అని చెప్పే ఆ నిమిషం కోసమే శిక్షణకు వెళ్లాలి, ఆ పూట గైర్హాజరైతే ధ్రువపత్రం చేతికొచ్చినా లాభం లేదు.

ఎక్కువ రోజుల శిక్షణ కావాలంటే

ఉపాధిగా మలచుకోవాలనుకునే యువతకు మరో దారి ఉంది. అది ప్రతి జిల్లాలో లీడ్ బ్యాంకు, అంటే జిల్లాలోని బ్యాంకులను సమన్వయం చేసే బ్యాంకు, నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. ఆర్‌సెటి అనే పేరుతో పిలిచే ఈ సంస్థలకు 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన ప్రయోగం మూలం. ఇక్కడ శిక్షణతో పాటు వసతి, భోజనం కూడా ఉచితం. పుట్టగొడుగుల పెంపకం, వానపాముల ఎరువు తయారీ, పాడి వంటి కోర్సులు పది రోజులు, అంతకు పైగా సాగుతాయి. 18 ఏళ్లు నిండి ఉండాలి, గరిష్ఠ వయసును ప్రకటనలో చూసుకోవాలి. ఫారం నింపి ఆధార్, రేషన్ కార్డు నకళ్లతో ఇస్తే ముఖాముఖి మాట్లాడి ఎంపిక చేస్తారు. ఆ మాటల్లో వారు చూసేది చదువును కాదు, శిక్షణ తర్వాత నిజంగా పని మొదలుపెడతారా లేదా అన్నదాన్ని. శిక్షణ ముగిశాక రెండేళ్ల పాటు అభ్యర్థులకు తోడుగా నిలవడం, బ్యాంకు రుణం పొందడానికి సాయపడడం ఈ సంస్థల బాధ్యతల్లో భాగం. పచ్చళ్లు, చిరుధాన్యాల పిండి, బిస్కెట్ల వంటివి చేసి అమ్మాలనుకునేవారు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) నమోదు గురించి శిక్షణలోనే అడిగి తెలుసుకోవాలి. ఇంట్లో చేసి అమ్మినా ఆ నమోదు అవసరమే.

జవాబు రాకపోతే

అర్జీ ఇచ్చి నెల దాటినా కబురు లేకపోతే ముద్ర వేయించుకున్న ప్రతితో కేంద్రానికి మరోసారి వెళ్లి, సంబంధిత నిపుణుల పోస్టు ఖాళీగా ఉందేమో మర్యాదగా కనుక్కోండి. చాలాసార్లు ఆలస్యానికి కారణం అదే. అలాంటప్పుడు పక్క కేంద్రం నిపుణులను పిలిపించమని కోరవచ్చు. అయినా ఫలితం లేకపోతే, రెండు తెలుగు రాష్ట్రాలతో పాటు తమిళనాడు, పుదుచ్చేరి కేంద్రాలను సమన్వయం చేసే అటారి (వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన సాంకేతిక పరిజ్ఞాన అనువర్తన పరిశోధన సంస్థ) సంచాలకుల కార్యాలయం హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఉంది. అర్జీ నకలును జతచేసి అక్కడికి రాయవచ్చు.

శిక్షణ పూర్తయిన తర్వాత ఒక చిన్న నోటు పుస్తకంలో మీరు ఏ తేదీన ఏ విత్తనం వేశారు, ఏది మొలిచింది, ఏ ఆకు ఎప్పుడు పసుపెక్కింది అన్నవి రాసుకోండి. తర్వాతి శిక్షణకు ఇచ్చే అర్జీలో మొదటి శిక్షణ తేదీని పేర్కొని, ఆ పుస్తకంలోని రెండు పుటల నకలు జతచేయండి. శాస్త్రవేత్తలు మీ పెరటికి వచ్చినప్పుడు ముందుగా చూసేది ఆ పుటలనే.