సెల్ఫ్ కొట్టే ముందు ఇంజన్‌ను చేత్తో తిప్పి చూడండి

సమస్య: సాయంత్రం దాకా బాగా పనిచేసిన ఎక్స్‌కవేటర్ పొద్దున సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటుంది. లేదా పనిలో ఉండగానే పెద్ద శబ్దంతో ఆగిపోతుంది, దిగి చూస్తే బ్లాక్ పక్కన చిల్లు, అందులోంచి కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ) ముక్క. ఈ రెండూ వేర్వేరు కంప్లైంట్లు అనుకుంటారు. ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు క్వారీ బండ్లలో రెండోది మొదటిదాని కొనసాగింపు కావడం చాలాసార్లు చూశాను.

మొదట చూడాల్సింది: బ్యాటరీ టెర్మినళ్ళు, ఎర్త్ వైరు మీరు చూసే ఉంటారు. ఆ తర్వాత అందరూ ఎగ్గొట్టే పని ఒకటుంది. ఇంజన్ ముందు బెల్టు తిప్పే క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి, పొడవాటి రాడ్డుతో ఇంజన్ తిరిగే వైపే 2 చుట్లు తిప్పాలి. ఐదు నిమిషాలు పట్టదు. దానికి బద్ధకించి పక్క బండి బ్యాటరీ తెచ్చి తగిలిస్తారు.

2 చుట్లూ సాఫీగా తిరిగితే ఇంజన్ జామ్ కాలేదు, కేబుళ్ళు, సెల్ఫ్ మోటార్ చూసుకోండి. అసలు కదలకపోతే బెల్టు తీసి మళ్ళీ తిప్పండి, ఆల్టర్నేటరో వాటర్ పంపో పట్టేసి ఉండొచ్చు. హైడ్రాలిక్ పంపు ఫ్లైవీల్ వైపే ఉంటుంది కాబట్టి దాన్ని విడదీసి చూడకుండా ఇంజన్ దించొద్దు. అప్పటికీ కదలకపోతే సంపు (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) విప్పాల్సిందే.

కొంత తిరిగి ఒకచోట గట్టిగా ఆగి, వెనక్కి వదులుగా వచ్చి, మళ్ళీ అక్కడే ఆగిందంటే బలవంతం చేయకండి. సిలిండర్‌లో నీళ్ళు చేరి ఉంటాయి. లీటరు సిలిండర్‌కు కంప్రెషన్ (గాలిని ఎన్నో వంతుకు అణుస్తుందనే లెక్క) 17:1 అయితే, పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు సుమారు 62 మిల్లీలీటర్లు, చిన్న టీ గ్లాసంత. గాలి అణుగుతుంది, నీళ్ళు అణగవు. సెల్ఫ్ తోపుకు, పక్క సిలిండర్లు అందుకుంటే ఆ ఊపుకు రాడ్ వంగుతుంది.

ఒక సున్నపురాయి క్వారీలో రెండో బ్యాటరీ తగిలించమన్నది నేనే. మూడోసారికి స్టార్టయింది. కాసేపు తెల్లపొగ, సన్నగా కొట్టుకునే శబ్దం. పాత బండి కదా అని పనికి పంపాను. నాలుగో రోజు రాడ్ బ్లాక్‌ను చీల్చుకుని బయటికొచ్చింది. ఆయిల్ చూసుకోలేదని ఓనర్ ఆపరేటర్ మీద కేకలేశాడు, నేనూ అదే నమ్మాను. హెడ్ విప్పాక విషయం తెలిసింది. మిగతా లైనర్ల (పిస్టన్ ఆడే గొట్టాల) పై అంచున మసి పట్టీ సన్నగా ఉంది, రాడ్ పోయిన లైనర్‌లో మాత్రం దాదాపు రెట్టింపు. వంగిన రాడ్ పొట్టిదవుతుంది, పిస్టన్ పైదాకా రాదు, మసి కిందిదాకా పడుతుంది. పాపం ఆపరేటర్ తప్పేం లేదు.

ఇంతకీ నీళ్ళెక్కడివి? రేడియేటర్‌లో మనం పోసే బోరునీళ్ళే. మన వైపు బోరునీళ్ళకు గార కట్టడం వంటింట్లో అందరూ చూసిందే. పైగా కూలెంట్‌లో ఉండే రక్షణ మందు వాటిలో ఉండదు. లైనర్ అదురుకు బయటి గోడ దగ్గర బుడగలు పుట్టి పగులుతూ సూదిమొన అంత గుంటలు పడతాయి, వాటిలో ఒకటి గోడ దాటి లోపలిదాకా చిల్లు అవుతుంది. బండి ఆపాక వేడి రేడియేటర్ ప్రెషర్‌కు అందులోంచి నీళ్ళు సిలిండర్‌లోకి దిగుతాయి. బయట ఎక్కడా కారకుండా రోజూ పొద్దున నీళ్ళు తగ్గుతుంటే అనుమానించాలి. మనవాళ్ళేమో పోసేసి పనిలోకి వెళ్తారు.

పరిష్కారం: సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళన్నీ విప్పి, మొహం దూరంగా పెట్టి చేత్తో తిప్పండి. డీజిల్ చిమ్మితే ఆ నాజిల్‌ను టెస్టుకు పంపండి. నీళ్ళొస్తే రేడియేటర్‌కు ప్రెషర్ పెట్టి లీకు హెడ్ గ్యాస్కెట్ దగ్గరో లైనర్ దగ్గరో తేల్చుకోండి. లైనర్ తీస్తే బయటి తుప్పు గీకి గుంటలు చూడండి. ఆ సిలిండర్ రాడ్‌ను తప్పకుండా కొలిపించండి, వంగి ఉంటే కొత్తదే వేయండి. సరిచేసిస్తామనే లేత్ షాపు మాట వినొద్దు. ఆయిల్ మార్చి, డీజిల్ ఇంజన్ల కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోయండి.

సైలెన్సర్‌కు మూత లేకపోతే వాననీళ్ళూ దిగొచ్చు, ఒక రేకు మూత చాలు. టైమింగ్ గేర్ పళ్ళు విరగడం, వాల్వ్ తెగిపడడం అరుదు. అలాంటప్పుడు చేత్తో తిప్పుతుంటే ఇనుముకు ఇనుము తగిలిన శబ్దం వస్తుంది.