బ్లడ్ బౌల్‌లో డ్వార్ఫ్ (మరుగుజ్జు యోధుల) జట్టు: కట్టడం, ఆడించడం ఎలా?

బ్లడ్ బౌల్ గేమ్స్ వర్క్‌షాప్ 1986లో తెచ్చిన బోర్డు ఆట. ఎల్ఫులు, ఓర్కులు, ఎలుక మనుషులు కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ తన్నుకుంటే ఎలా ఉంటుందో అదే ఈ ఆట. మైదానం 26 గళ్ల పొడవు, 15 గళ్ల వెడల్పు. ఒక్కో హాఫ్‌లో ఒక్కో జట్టుకు 8 టర్న్‌లు. వుడ్ ఎల్ఫ్ మామూలు ఆటగాడే టర్న్‌కి 7 గళ్లు పరిగెడతాడు, మన డ్వార్ఫ్ బ్లాకర్ నడిచేది 4. పైగా కిందపడితే లేవడానికే 3 గళ్ల నడక ఖర్చవుతుంది, ఇక మిగిలేది ఒక్క గడి. అయినా ఈ జట్టును ఓడించడం అంత తేలిక కాదు. చాలామంది కొట్లాట సరదాతో డ్వార్ఫులను తీసుకుంటారు కానీ, నా లెక్కలో ఈ జట్టు ఎక్కువ మ్యాచ్‌లు గెలిచేది టర్న్‌ల లెక్కతోనే.

కింది అంకెలన్నీ 2020 ఎడిషన్‌వి. మీరు ఆడే లీగ్ వేరే ఎడిషన్‌ది అయితే ధరలు ఓసారి సరిచూసుకోండి.

1. జట్టు కొనడం

చేతిలో 10 లక్షల బంగారు నాణేలు ఉంటాయి. బ్లాకర్లు ఐదుగురు (ఒక్కొక్కరు 70 వేలు), రన్నర్లు ఇద్దరు (85 వేలు), బ్లిట్జర్లు ఇద్దరు (80 వేలు), ట్రోల్ స్లేయర్లు ఇద్దరు (95 వేలు). పదకొండు మందికి 8,70,000 అయింది. 50 వేల చొప్పున రెండు రీరోల్స్ (పాచిక సరిగా పడకపోతే మళ్లీ వేసే అవకాశాలు) కలిపితే 9,70,000. మిగిలిన 30 వేలు ఖజానాలోనే ఉంచండి, మొదటి మ్యాచ్ డబ్బులు కలిపి వైద్యుణ్ణి కొనొచ్చు.

వైద్యుడు లేకుండా మొదలుపెట్టడానికి ధైర్యం ఎక్కడిదంటే కవచం. మనవాళ్లలో ఎక్కువమందికి కవచం 10+. అంటే వాడు కిందపడినా, రెండు పాచికలు కలిపి 10 లేదా ఆపైన పడితేనే కవచం పగులుతుంది. 36లో 6 అవకాశాలే. అదే 8+ కవచం ఉన్నవాడికైతే 36లో 15.

రీరోల్స్ రెండే ఎందుకు చాలతాయంటే, రన్నర్లు తప్ప అందరికీ బ్లాక్ స్కిల్ పుట్టుకతోనే ఉంది. శత్రువును కొట్టేటప్పుడు వేసే బ్లాక్ పాచికల్లో రెండు వేసి ఒకటి మనం ఎంచుకునేటప్పుడు, ఈ స్కిల్ లేనివాడు తానే కిందపడే ప్రమాదం 9లో ఒకటి. ఉన్నవాడికి 36లో ఒకటి.

2. బంతి తీసుకోవడం, బోను కట్టడం

బంతి ఎత్తే పని రన్నర్‌దే. వాడికి ఒక పాచిక మీద 3+ పడాలి, షూర్ హ్యాండ్స్ స్కిల్ ఉంది కాబట్టి తప్పితే ఇంకోసారి వేసుకోవచ్చు. 9లో 8 సార్లు బంతి చేతికొస్తుంది. బ్లాకర్‌తో ఎత్తించే ఆలోచన పెట్టుకోకండి.

బంతి చేతికొచ్చాక వాడి నాలుగు మూలలా, అంటే ఐమూలగా ఉన్న గళ్లలో, నలుగురిని నిలబెట్టండి. పల్లకీకి నలుగురు బోయీల్లాగన్నమాట. బ్లడ్ బౌల్ ఆడేవాళ్లు దీన్నే కేజ్ అంటారు. ఈ కేజ్ ఎంత గట్టిదో చూడండి. ఒక ఎల్ఫ్ ఎదురుగా వచ్చి లోపలి ఖాళీ గడిలోకి దూరాలనుకున్నాడు. ఆ గడిని ముందున్న ఇద్దరు మూలవాళ్లు, బంతి ఉన్న రన్నర్, మొత్తం ముగ్గురు కాపలా కాస్తున్నారు. మామూలుగా 2+తో తప్పించుకునే ఎల్ఫ్‌కి ఇప్పుడు 5+ కావాలి. అదీ దాటాడే అనుకోండి, మూలవాళ్లను ఇంకెవరూ అంటుకోకుండా ఉంటే ఆ ఇద్దరి సాయమూ రన్నర్‌కే. బలం 3కి 5 అవుతుంది. ఎల్ఫ్ వేసే రెండు పాచికల్లో ఏది తీసుకోవాలో మీరే చెబుతారు.

అందుకే మూలవాళ్ల చుట్టూ శత్రువులు గుమిగూడకుండా చూడటం కేజ్ కట్టడం కంటే పెద్ద పని. టర్న్ మొదట్లో వాళ్లను కొట్టి దూరంగా నెట్టేయండి. నెట్టాక వెంటపడి వెళ్లాలా వద్దా అనేది మీ ఇష్టం, మూలవాడు మాత్రం సాధారణంగా వెళ్లకూడదు.

ఒక్క స్లేయర్‌కే ఆ స్వేచ్ఛ లేదు. ఫ్రెంజీ అనే స్కిల్ వల్ల, మొదటి దెబ్బకి శత్రువు పడకుండా వెనక్కి జరిగితే వెంటపడి మళ్లీ కొట్టి తీరాలి. రెండో దెబ్బకి పాచికలెన్ని వస్తాయో ముందే చూసుకోండి. మైదానం అంచు గీత పక్కన నిలబడ్డ శత్రువు దొరికితే మాత్రం స్లేయర్‌కి పండగే. రెండు నెట్టుళ్లలో వాణ్ణి జనంలోకి తోసేస్తే కవచం లెక్కే ఉండదు, నేరుగా గాయం పాచికలే.

3. టర్న్‌లు తినేయడం

కేజ్ టర్న్‌కి రెండు గళ్లు జరిగినా చాలు. తొందరపడి 4వ టర్న్‌లోనే టచ్‌డౌన్ చేస్తే, అంటే బంతితో అవతలి చివరి గీత దాటితే, ఎల్ఫులకు అయిదు టర్న్‌లు అప్పజెప్పినట్టే, స్కోరు సమం చేయడానికి వాళ్లకి రెండు మూడు చాలు. మీకే బంతి వచ్చిన హాఫ్‌లో 8వ టర్న్‌లో గీత దాటండి. వాళ్లకు మిగిలేది ఒక్క టర్న్.

ఇక టర్న్ లోపల వరుస: పాచిక అక్కర్లేని కదలికలు ముందు, రెండు పాచికల దెబ్బలు తర్వాత, ప్రమాదం ఉన్నవి చివర. మీవాడు కొట్టబోయి తానే పడితే టర్న్ అక్కడికే సరి.

4. బంతి వాళ్ల దగ్గరున్నప్పుడు

వెంటపడొద్దు, పడినా వాళ్లు దొరకరు. ప్రతి ఆటగాడూ తన గడికి అటొకటి ఇటొకటి కాపు కాస్తాడు కాబట్టి, రెండేసి గళ్ల ఎడంతో ఐదుగురు నిలబడితే 15 గళ్ల వెడల్పూ మూసుకుపోతుంది. పాచిక వేయకుండా ఎవరూ దాటలేరు. నియమం ప్రకారం ముగ్గురు ముందు గీత మీద, అంటే మైదానం మధ్య గీతను ఆనుకుని, ఉండాలి, అక్కడ బ్లాకర్లను పెట్టండి. మిగిలిన ముగ్గురు రెండో వరుస. రన్నర్లను అందులోనే ఉంచండి, టర్న్‌కి 6 గళ్లు వెళ్లగలిగేది వాళ్లే.

బ్లాకర్లకు టాకిల్ స్కిల్ కూడా ఉంది. దాని ముందు ఎల్ఫుల డాడ్జ్ (తప్పించుకునే) స్కిల్ పనిచేయదు, కాబట్టి డాడ్జ్ ఉన్నవాడి పక్కకే బ్లాకర్‌ని చేర్చండి.

5. స్కిల్స్, ఆపైన డెత్‌రోలర్

మొదటి స్కిల్ ఎంచుకోవడానికి 6 పాయింట్లు కావాలి. మ్యాచ్ ఉత్తమ ఆటగాడికి 4, ఒక శత్రువును గాయంతో బయటికి పంపితే 2. బ్లాకర్లకు, బ్లిట్జర్లకు ముందు గార్డ్ తీసుకోండి. శత్రువు అంటుకుని ఉన్నా పక్కవాడికి సాయం చేయొచ్చు, కేజ్ మూలలకు అంతకంటే ఏం కావాలి?

డెత్‌రోలర్ అంటే డ్వార్ఫులు మైదానంలోకి తోలే రోడ్డు రోలర్ లాంటి బండి, ధర 1,70,000. బలం 7 అని చూసి మొదట్లోనే కొనేస్తే మిగతా జట్టు బక్కచిక్కిపోతుంది. నాలుగైదు గార్డ్‌లు వచ్చాక కొనండి. డ్రైవ్ (బంతి తన్నినప్పటి నుంచి టచ్‌డౌన్ లేదా హాఫ్ ముగిసేదాకా సాగే ఆట) అయిపోగానే రిఫరీ దాన్ని బయటికి పంపేస్తాడు. మన డ్రైవ్ ఎలాగూ హాఫ్ అంతా సాగుతుంది కాబట్టి 8 టర్న్‌లూ దొర్లిస్తూ ఉండొచ్చు.